ఇల్లంతా ఒకే టైలా, గదికో టైలా: ఏది మేలు?

టైల్స్ కొనబోయే ముందు చాలామంది ఇళ్లలో జరిగే చర్చ ఇది: ఇల్లంతా ఒకటే వేయిద్దామా, గదికొక రకం మారుద్దామా? నేనైతే ముందు ఒక కాగితం తీసుకుని, ఇంట్లో ఏ నేల తడుస్తుందో, ఏది తడవదో గుర్తు పెట్టుకోమంటాను. హాలు, పడకగదులు, నడవా పొడిగా ఉండేవి. బాత్‌రూములు, బట్టలుతికే చోటు, వాన జల్లు కొట్టే బాల్కనీ తడిసేవి. వంటగది ఈ రెంటికీ మధ్య. ఇది తేలితే జవాబు సగం దొరికినట్టే. పొడిగా ఉండే భాగమంతా ఒకే టైల్, తడిసే చోట్ల వేరే టైల్. నా ఓటు దీనికే.

ఒకే టైల్ వేస్తే ఇల్లు విశాలంగా కనిపిస్తుందన్న మాట నిజమే. అంతకంటే పెద్ద లాభం తలుపుల దగ్గర ఉంది. రెండు రకాల టైల్స్ మందం ఒకేలా ఉండకపోవచ్చు. ఒకటి 8 మి.మీ., ఇంకొకటి 10 మి.మీ. అయితే ఆ తేడాను అడుగున సరిచేయాలి. లేదంటే గుమ్మంలో చిన్న ఎత్తు నిలిచిపోతుంది. పెద్దవాళ్ల కాలు తట్టుకునేది, చక్రాల కుర్చీ ఆగిపోయేది అక్కడే. ఒకే రకమైతే ఈ బాధ ఉండదు. ఒక గదిలో కోయగా మిగిలిన ముక్కలు ఇంకో గదిలో పనికొస్తాయి కాబట్టి వృథా కూడా తగ్గుతుంది.

గదికొకటి వేయడంలోనూ ఒక సుఖం ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. గోడలు సరిగ్గా మూలమట్టానికి ఉండడం అరుదు. జాయింట్లు ఇల్లంతా ఒకే గీత మీద సాగితే ఆ వంకర చివరి గదిలో, గోడ వెంట సన్నబడుతూ పోయే ముక్కల రూపంలో బయటపడుతుంది. టైల్ మారినప్పుడు ప్రతి గదీ తన కొలతతో కొత్తగా మొదలవుతుంది. అందుకని ఒకే టైల్ అనుకున్నవాళ్లు, మేస్త్రీ మొదటి టైల్ అంటించక ముందే దారం లాగించి, ఏ గదిలో చివరి ముక్క ఎంత వస్తుందో చూడాలి. సన్నటి ముక్కలు గుమ్మం ఎదుట కంటికి కనబడేలా వస్తుంటే గీతను అప్పుడే జరిపించాలి. పని మొదలయ్యాక జరిపే వీలుండదు.

ఇక రకం. సెరామిక్, విట్రిఫైడ్ రెండూ మట్టిని కాల్చి చేసేవే. తేడా నీటిని పీల్చుకోవడంలో తెలుస్తుంది. విట్రిఫైడ్ టైల్ తన బరువులో 0.5 శాతానికి మించి నీటిని పీల్చదు. గోడలకు వాడే సెరామిక్ టైల్ 10 శాతం కంటే ఎక్కువే పీలుస్తుంది. ఎక్కువ వేడిలో కాలి గట్టిపడుతుంది కాబట్టి విట్రిఫైడ్ బరువును కూడా బాగా మోస్తుంది. ఇల్లంతా నేలకు వేయాలంటే విట్రిఫైడే. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. సెరామిక్‌ను గోడలకు ఉంచండి.

విట్రిఫైడ్‌లో మళ్లీ రెండు దారులు. డబుల్ ఛార్జ్ టైల్‌లో పైన 3, 4 మి.మీ. మందాన రంగు పొర ఉంటుంది. ఏళ్ల తరబడి తిరిగినా రంగు చెరగదు. కాకపోతే డిజైన్లు తక్కువ, ఎక్కువగా మెరిసేవే దొరుకుతాయి. గ్లేజ్డ్ విట్రిఫైడ్‌లో డిజైన్ పైన పల్చటి పొరలో ముద్రించి ఉంటుంది. చెక్క, రాయి, సిమెంటు, ఏ పోలిక కావాలన్నా ఉంది. బరువైనది పడి పెచ్చు లేస్తే మాత్రం లోపలి రంగు బయటికి కనిపిస్తుంది. గ్లేజ్డ్ టైల్‌కు అరుగుదల రేటింగ్ ఉంటుంది, దాన్ని పీఈఐ అంటారు, 0 నుంచి 5 దాకా. ఇంటి గదులకు 3 చాలు. వీధి గుమ్మం దాటి నేరుగా అడుగుపెట్టే హాలుకు 4 ఉంటే నిశ్చింత. షోరూంలో ఈ అంకె అడిగి తెలుసుకోండి.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది మెరిసే గ్లాసీనా, మెరుపు లేని మ్యాటా అన్న దగ్గర. గ్లాసీ టైల్ షోరూం లైట్ల కింద మనసు లాగేస్తుంది. తుడవడం సులువు, వెలుతురు తక్కువగా ఉన్న గది కూడా కాస్త తేరుకుంటుంది. కానీ చెప్పులకు అంటుకొచ్చే ఇసుకలో క్వార్ట్జ్ ఉంటుంది. మోస్ స్కేలు మీద దాని కాఠిన్యం 7. టైల్ పైన ఉండే పూతలు, అంటే గ్లేజులు, చాలావరకు అంత గట్టివి కావు. జనం ఎక్కువగా నడిచే దారిలో కొన్నాళ్లకు మెరుపు మందగించి, కిటికీ వెలుతురు ఏటవాలుగా పడ్డప్పుడు సన్నటి గీతలు కనబడతాయి. తడిస్తే జారడం సంగతి అందరికీ తెలిసిందే. పిల్లలు పరుగెత్తే ఇంట్లో, ముసలివాళ్లు రాత్రిళ్లు లేచి తిరిగే ఇంట్లో ఒలికిన గ్లాసుడు నీళ్లు చాలు ప్రమాదానికి. అందం కోసం ఆ టెన్షన్ ఎందుకు మోయాలో నాకు అర్థం కాదు.

మ్యాట్‌కూ తిప్పలున్నాయి. మరీ గరుకైనదైతే మురికి గుంటల్లో పట్టేస్తుంది, తుడుపుగుడ్డ నూలు పోగులు అంటుకుంటాయి, నూనె మరక వదలడానికి గట్టిగా రుద్దాలి. ముదురు రంగు మ్యాట్ మీద అడుగుల గుర్తులు తేలిపోతాయి. అందుకే పొడి గదులకు ఈ రెంటికీ మధ్యలో ఉండే సాటిన్ ఫినిష్‌ను, లేత బూడిద లేదా గోధుమ ఛాయలో, కొద్దిగా మచ్చలున్న డిజైన్‌తో ఎంచుకోమంటాను. దుమ్ము వెంటనే కంటబడదు, కాలికి పట్టు ఉంటుంది, తుడవడమూ కష్టం కాదు. శాంపిల్ టైల్ ఒకటి ఇంటికి తెచ్చుకుని పగటి వెలుతురులో, రాత్రి లైటు కింద చూడండి. నీళ్లు చల్లి చేత్తో రుద్ది చూడండి. కాస్త నూనె వేసి గంట తర్వాత తుడిచి చూడండి. కేటలాగ్ చెప్పని విషయాలు ఆ ఒక్క టైలే చెబుతుంది.

తడిసే చోట్లకు జారుడు రేటింగ్ చూడాలి. చాలా టైల్స్ మీద ఆర్ 9 నుంచి ఆర్ 13 దాకా అంకె ఉంటుంది. అది బూట్లు వేసుకుని, నూనె పూసిన ఏటవాలు మీద నడిచి కొలిచిన అంకె. బాత్‌రూములో మనం నడిచేది ఒట్టి కాళ్లతో, సబ్బు నీళ్ల మీద. ఒట్టి కాళ్లకు ఏ, బీ, సీ అని వేరే తరగతులున్నాయి. స్నానం చేసే చోటుకు బీ తరగతి అడగండి. అక్కడ చిన్న సైజు టైల్స్ మేలు. నీళ్లు కన్నం వైపు పోవడానికి నేలకు వాటం ఇవ్వాలి, పెద్ద టైల్ అన్ని వైపులకూ వాలదు. జాయింట్లు ఎక్కువుంటే కాలికి పట్టు కూడా దొరుకుతుంది. వంటగదికి హాలులోని సాటిన్ టైలే కొనసాగించవచ్చు, తడిపి చూసినప్పుడు జారకపోతేనే.

సైజు సంగతి త్వరగా తేల్చేయొచ్చు. 600×600 మి.మీ. దాదాపు ఏ ఇంటికైనా సరిపోతుంది. 600×1200 పెద్ద హాలులో బాగుంటుంది, జాయింట్లు తగ్గుతాయి. కానీ పొడుగు టైల్‌లో కాస్త వంపు ఉండడం సహజం. ఇటుకల వరసలా సగానికి సగం జరిపి వేస్తే ఒక టైల్ మధ్యభాగం పక్కదాని అంచు పక్కన లేచి కనిపిస్తుంది. మూడో వంతుకు మించి జరపకూడదన్న నియమం అందుకే. పైగా అడుగు నేల 3 మీటర్ల పొడవులో 3 మి.మీ. కంటే ఎక్కువ ఎగుడుదిగుడు లేకుండా ఉండాలి. అంత శ్రద్ధగా చేసే మేస్త్రీ దొరకకపోతే 600×600తోనే ఆగండి.

అంటించడంలో రాజీ పడొద్దు. నీటిని పీల్చని టైల్‌కు ఒట్టి సిమెంటు పాలు సరిగా పట్టవు, పాలిమర్ కలిసిన టైల్ అడ్హెసివ్ కావాలి. మధ్యలో నాలుగు ముద్దలు పెట్టి అదిమితే మూలలు డొల్లగా ఉండిపోతాయి, బరువు పడ్డప్పుడు అక్కడే పగులుతుంది. పొడి గదుల్లో టైల్ వెనుక కనీసం 80 శాతం, తడి చోట్ల 95 శాతం అడ్హెసివ్ పట్టాలి. అప్పుడప్పుడూ ఒక తాజా టైల్‌ను ఎత్తించి వెనుక చూస్తే తెలిసిపోతుంది. జాయింటు అస్సలు లేకుండా ఆనించి వేయమని అడిగేవాళ్లుంటారు, వద్దు. అంచులు కోసి సరిచేసిన టైల్స్‌కైనా 2 మి.మీ. సందు ఉండాలి. ఆ సందుల్లో నింపేదాన్ని గ్రౌట్ అంటారు. వంటగదిలో, బాత్‌రూములో ఎపాక్సీ గ్రౌట్ పెట్టించండి. అది మరకను లోపలికి పీల్చదు. మిగతా గదులకు సిమెంటు గ్రౌట్ చాలు, టైల్ కంటే ఒక ఛాయ ముదురుగా.

కొనేటప్పుడు కొలత కంటే 10 శాతం, ఐమూలగా వేయిస్తే 15 శాతం అదనంగా తీసుకోండి. పెట్టెలన్నిటి మీదా బ్యాచ్, షేడ్ నంబర్లు ఒకటేనా అన్నది దించుకునే ముందే చూడాలి. అదే డిజైన్ అయినా బ్యాచ్ మారితే ఛాయ మారుతుంది. పని అయ్యాక ఒకటి రెండు పెట్టెలు లేబుల్ చింపకుండా అటక మీద ఉంచండి.