జీమెయిల్ రికవరీ సేవ: చేజారిన ఖాతా ఎవరికి తిరిగి దొరుకుతుంది?

హ్యాక్ అయిన లేదా లాక్ పడిన జీమెయిల్ ఖాతాను తిరిగి తెచ్చుకోవడానికి గూగుల్ నడుపుతున్న రికవరీ సేవ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. నల్లగొండలో మా బంధువులకు, ఇరుగుపొరుగు వారికి ఈ పనిలో పక్కన కూర్చుని సాయం చేస్తూ వచ్చాను కాబట్టి దీని మంచి చెడులు రెండూ దగ్గరగా చూశాను. ఈ సేవ ఆధార్ కార్డును అడగదు. ఆ ఖాతా ఇంతకాలం ఏ ఫోన్‌లో, ఏ కంప్యూటర్‌లో, ఏ ప్రాంతం నుంచి తెరుచుకుందో, దానికి ఏ నంబరు జోడించి ఉందో ముఖ్యంగా చూస్తుంది. అందువల్ల సొంత ఫోన్, సొంత నంబరుతో ఖాతా నడుపుకొన్నవారికి ఇది ఎంతో నమ్మదగిన సేవ. ఇంటర్నెట్ సెంటర్‌లో మరొకరి చేత ఖాతా తెరిపించుకుని, ఆ తర్వాత దాని జోలికి పోనివారికి చుక్కలు చూపించే సేవ.

ముందుగా పద్ధతి చెబుతాను. బ్రౌజర్‌లో జి.కో/రికవర్ (g.co/recover) అనే చిరునామాకు వెళితే మెయిల్ ఐడీ గానీ ఫోన్ నంబరు గానీ అడుగుతుంది. పేజీ అడుగున భాషను తెలుగుకు మార్చుకోవచ్చు. తర్వాత గుర్తున్న చివరి పాస్‌వర్డ్ అడగవచ్చు, జోడించిన ఫోన్‌కు కోడ్ పంపుతానని చెప్పి ఆ నంబరు చివరి అంకెలు మాత్రం చూపించవచ్చు, ఇప్పటికే లాగిన్ అయి ఉన్న మరో ఫోన్‌లో ‘అవును’ నొక్కమనవచ్చు. అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే వరుసలో రావు. దీనికి రుసుము ఒక్క రూపాయి కూడా లేదు. ఫోన్ చేసి మాట్లాడే ఏర్పాటు కూడా లేదు. ఖాతాలోకి వెళ్లడానికి సాయం కోసం తమకు ఫోన్ చేయడం కుదరదని, అది భద్రత కోసమేనని గూగుల్ తన సహాయ పేజీలోనే స్పష్టంగా రాసింది.

ఈ సేవ బాగా పనిచేసిన సందర్భం మా మేనమామది. ఆయన ఉద్యోగ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయులు. పెన్షన్ కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అమెరికాలో ఉన్న కూతురు పంపిన ఫోటోలు అన్నీ ఒకే ఖాతాలో పెట్టుకున్నారు. ఉచిత ఖాతాకు 15 జీబీ స్థలం ఉంటుంది, అందులోనే మెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడూ ఇమడాలి. ఆయనకు ఆ స్థలం నిజంగానే నిండబోతున్న రోజుల్లో ‘మీ స్టోరేజ్ నిండింది, వెంటనే ధ్రువీకరించండి’ అంటూ ఒక దొంగ మెయిల్ వచ్చింది. ఆ లింకు తెరిచి పాస్‌వర్డ్ ఇవ్వడం సహజం, ఎవరైనా అదే చేస్తారు. మర్నాటికి ఆయన పేరుతో పాత సహోద్యోగులందరికీ అత్యవసరంగా డబ్బు కావాలని మెయిళ్లు వెళ్లాయి. మిర్యాలగూడ నుంచి ఒక మాస్టారు ఫోన్ చేసి అడిగితే గానీ సంగతి బయటపడలేదు. “నేను ఎవ్వరినీ పైసలు అడగలేదు అల్లుడూ, ఇదేంది?” అంటూ ఆయన నా చేతికి ఫోన్ ఇచ్చినప్పుడు పాస్‌వర్డ్‌తో పాటు రికవరీ నంబరు కూడా మారిపోయి ఉంది.

రికవరీ నంబరు మార్చేస్తే ఇక ఆశ లేదని చాలామంది అక్కడే వదిలేస్తారు. వదలకూడదు. నంబరు మార్చిన తర్వాత 7 రోజుల వరకు పాత నంబరుకు కోడ్ పంపే అవకాశాన్ని గూగుల్ ఇవ్వవచ్చు. ఈ సేవలో నాకు అన్నింటికన్నా విలువైనదిగా కనిపించిన ఏర్పాటు ఇదే, ఎందుకంటే దొంగ చేసే మొదటి పని నంబరు మార్చడమేనని ముందుగా ఊహించి ఆలోచించినవారు మాత్రమే దీన్ని ఇలా అమర్చగలరు. మామయ్య రోజూ వాడే ఫోన్‌లోనే, ఇంటి వైఫై మీదనే ప్రయత్నించాము. మొదట వచ్చిన పద్ధతి కుదరకపోతే ‘మరో మార్గం ప్రయత్నించండి’ అని నొక్కుతూ వెళ్లాము. ఆయన పాత నంబరు చివరి అంకెలు తెరమీద కనిపించాయి, కోడ్ వచ్చింది, ఖాతా చేతికి వచ్చింది.

ఖాతా చేతికి వచ్చిందని అక్కడితో ఆగిపోతే సగం పని మిగిలిపోయినట్టే. జీమెయిల్ సెట్టింగులను కంప్యూటర్‌లో తెరిచి ఫిల్టర్ల భాగం చూస్తే, ‘బ్యాంక్’ అనే మాట ఉన్న ప్రతి మెయిల్‌నూ నేరుగా చెత్తబుట్టలోకి పంపే ఒక ఫిల్టర్ కనిపించింది. అంటే ఆయన ఖాతా ఆయనకు దక్కినా బ్యాంకు హెచ్చరికలు ఆయన కంటపడకుండా దొంగ ముందే కట్టుదిట్టం చేసి పెట్టాడు. దాన్ని తీసేశాము. వచ్చిన మెయిళ్లను ఇంకో చిరునామాకు పంపే ఫార్వర్డింగ్, మీ ఖాతాను మరొకరు తెరవడానికి ఇచ్చే అనుమతి, ఖాతాకు జోడించిన బయటి యాప్‌లు, లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితా కూడా చూసి తెలియనివన్నీ తొలగించాలి. సెక్యూరిటీ చెకప్ అనే పేజీలో వీటిలో చాలా వరకు ఒకేచోట దొరుకుతాయి. ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ మాత్రం జీమెయిల్ సెట్టింగులలోకి ప్రత్యేకంగా వెళ్లి చూసుకోవాలి.

ఇప్పుడు కష్టమైన సంగతికి వస్తాను. దేవరకొండ వైపు ఒక గ్రామం నుంచి వచ్చి నల్లగొండలో డిగ్రీ చదివిన మా పక్కింటి అమ్మాయి ఖాతాను ఆమె ఇంటర్ అయిపోయిన రోజుల్లో, దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశ విధానం ద్వారా డిగ్రీ ప్రవేశానికి దరఖాస్తు పెడుతూ, ఒక ఇంటర్నెట్ సెంటర్ నిర్వాహకుడు తెరిచి ఇచ్చాడు. ఆ సెంటర్ పేరు ఇక్కడ అవసరం లేదు. ఇలాంటివి ప్రతి మండల కేంద్రంలోనూ ఉన్నాయి, కాలేజీల చుట్టూ ఇంకా ఎక్కువ. దరఖాస్తుల గడువు రోజున బయట బారులు తీరిన పిల్లలకు ఒకరి వెంట ఒకరికి ఖాతాలు తెరుస్తూ, త్వరగా పని కావాలని రికవరీ నంబరుగా సెంటర్ నంబరే ఇచ్చేస్తారు. పాస్‌వర్డ్ కూడా వాళ్లే పెడతారు. ఆ అమ్మాయి తర్వాత తన సర్టిఫికెట్ల స్కాన్ ప్రతులన్నీ ఆ డ్రైవ్‌లోనే దాచుకుంది, ఉద్యోగాల దరఖాస్తుల్లో ఆ మెయిల్ ఐడీనే ఇచ్చింది. ఫోన్ పాడై కొత్తది కొన్న రోజున ఖాతా బయటే నిలబడిపోయింది. ఫోన్ కొత్తది, పాస్‌వర్డ్ తెలియదు, నంబరు తనది కాదు. ఏ ఆధారమూ లేని మనిషికి తలుపు తీయకపోవడం ఆ సేవ తప్పు కాదు. తన చేతిలో ఉండవలసిన తాళం చెవి మొదటి రోజే మరొకరి జేబులోకి వెళ్లింది.

మేమిద్దరం ఆ సెంటర్‌కే వెళ్లాము. ఆ నిర్వాహకుడు సెంటర్ నంబరు ఎప్పుడో మార్చేశాడు, పాత సిమ్ లేదు. అయితే ఆయన దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. ఎర్ర పెన్నుతో గీతలు కొట్టి, ఒక్కో వరుసలో పేరు, తండ్రి పేరు, హాల్‌టికెట్ నంబరు, మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ రాసి పెట్టాడు. పేజీలు తిరగేస్తుంటే చాలామంది పిల్లల పాస్‌వర్డులు వారి పేరు పక్కన ఒక గుర్తు, మూడు అంకెలతో ఒకే అచ్చులో కనిపించాయి. ఆ పుస్తకం కౌంటర్ మీద ఎవరికైనా అందేలా పడి ఉండటం చూసి నాకు భయం వేసింది, ఆ మాట ఆయనకు అక్కడే చెప్పాను. కానీ అమ్మాయి ఖాతాను కాపాడింది కూడా ఆ పుస్తకమే. అందులోని పాత పాస్‌వర్డును, ఆ ఖాతా మొట్టమొదట తెరుచుకున్న అదే కంప్యూటర్‌లో కూర్చుని ఇచ్చాక రికవరీ ముందుకు కదిలింది. అమ్మాయిని సంప్రదించడానికి గూగుల్ వేరే మెయిల్ ఐడీ అడిగితే వాళ్ల అన్నయ్యది ఇచ్చాము. కొంత సమయం వేచి ఉండమని చూపించి, తర్వాత ఆ ఐడీకి పాస్‌వర్డ్ మార్చుకునే లింకు పంపింది. ఇలాంటి మెయిల్ స్పామ్‌లో పడే అవకాశం ఉంది కాబట్టి అక్కడ కూడా వెతకాలి.

ఈ రెండు అనుభవాల వల్ల నేను అందరికీ చెప్పేది ఒక్కటే పద్ధతి. ఖాతా పోయిందని తెలియగానే కనిపించిన ప్రతి ఫోన్‌లోనూ ప్రయత్నించవద్దు. ఇంతకుముందు ఆ ఖాతా వాడిన ఫోన్ లేదా కంప్యూటర్, అదే బ్రౌజర్, మామూలుగా వాడే ఇల్లు లేదా ఆఫీసు, ఈ మూడూ కుదిరితేనే ప్రయత్నం మొదలుపెట్టండి. తెలియని ప్రశ్నను వదిలేయకుండా దగ్గరగా ఉన్న జవాబైనా ఇవ్వండి. పాస్‌వర్డ్ ఖచ్చితంగా గుర్తులేకపోతే అంతకుముందు వాడినదైనా పనికొస్తుంది. ఊహించి రాసిన జవాబు తప్పయినా అంతటితో ప్రక్రియ నుంచి గెంటివేయరని గూగుల్ తన సూచనల్లో చెబుతుంది.

ఫోన్ నంబరు విషయం మన ప్రాంతంలో ఇంకొంచెం లోతుగా ఆలోచించవలసినది. మహబూబ్‌నగర్, నారాయణపేట పల్లెల నుంచి ముంబై, పుణె, హైదరాబాద్‌లకు పనికి వెళ్లే కుటుంబాల్లో సిమ్ మారుతూనే ఉంటుంది. రీచార్జ్ చేయక ఆగిపోయిన నంబరును కంపెనీ కనీసం 90 రోజులు ఆగి మరొకరికి ఇవ్వవచ్చు. ఆ సంగతి 2023లో సుప్రీంకోర్టు ముందు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పింది. అంటే మీ ఖాతాకు జోడించిన పాత నంబరు నేడు ముక్కూమొహం తెలియని ఒకరి ఫోన్‌లో మోగుతూ ఉండవచ్చు, మీ ఓటీపీ వారికి చేరవచ్చు. సిమ్ మార్చిన రోజునే ఖాతాలోని నంబరు మార్చుకోవాలి. అలాగే 2 ఏళ్ల పాటు అసలు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే అధికారం గూగుల్ తన దగ్గర ఉంచుకుంది, 2023 డిసెంబరు నుంచి అమలులో ఉన్న విధానం అది. మరచిపోయిన ఖాతాలో సర్టిఫికెట్లు ఉన్నవారు ఒకసారి తెరిచి చూసుకోవడం మంచిది.

ఫోన్‌లో మాట్లాడే ఏర్పాటు లేకపోవడం వల్ల ఒక నష్టం మాత్రం జరుగుతోంది. ఖాతా పోయిన కంగారులో జనం ‘కస్టమర్ కేర్ నంబరు’ అని వెతుకుతారు, అక్కడ దొరికిన మోసగాడు స్క్రీన్ షేరింగ్ యాప్ ఎక్కించమంటాడు, ఓటీపీ చెప్పమంటాడు, ఖాతా తెచ్చిస్తానని ముందుగా డబ్బు అడుగుతాడు. ఖాతా లేదా పాస్‌వర్డ్ సాయం చేస్తామని చెప్పుకొనే ఏ సంస్థతోనూ తమకు సంబంధం లేదని గూగుల్ రాసింది. నల్లగొండలో చదువుకున్నవారు కూడా ఈ ఉచ్చులో పడటం నాకు నిజంగా బాధ కలిగిస్తోంది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి. డబ్బు పోకపోయినా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఇతరుల పాస్‌వర్డును మోసంతో వాడుకోవడం ఐటీ చట్టం 2000లోని 66సీ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడే నేరం.

పోల్చి చూడటానికి అవుట్‌లుక్, హాట్‌మెయిల్ ఖాతాల సంగతి ఒక మాట చెబుతాను. మైక్రోసాఫ్ట్ ఒక రికవరీ ఫారం ఇస్తుంది. ఇటీవల పంపిన మెయిళ్ల శీర్షికలు (సబ్జెక్ట్), పాత పాస్‌వర్డులు వంటివి అందులో నింపాలి. మామూలుగా 24 గంటల్లో జవాబు వస్తుంది, రోజుకు 2 సార్లు పంపవచ్చు. రెండంచెల ధ్రువీకరణ, అంటే పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ వంటి రెండో ఆధారం కూడా అడిగే ఏర్పాటు, పెట్టుకున్న ఖాతాకు ఆ ఫారం పనికిరాదు. మనిషికి మాత్రమే తెలిసే విషయాలను అడిగే ఆ పద్ధతి, ఫోన్ పోగొట్టుకున్నవారికి కొంత అనుకూలమని నా అభిప్రాయం.

గూగుల్ ఖాతా మీ చేతిలో ఉండగానే చేసుకోవలసిన రెండు ఏర్పాట్లున్నాయి. మొదటిది బ్యాకప్ కోడ్‌లు: రెండంచెల ధ్రువీకరణ పెట్టుకున్నవారికి 8 అంకెల కోడ్‌లు 10 ఇస్తుంది, ఒక్కొక్కటి ఒక్కసారే చెల్లుతుంది. వాటిని కాగితం మీద ప్రింట్ తీసి భూమి పట్టా, పాస్‌పుస్తకం దాచే బీరువాలోనే పెట్టాలి. రెండోది 2025లో వచ్చిన రికవరీ కాంటాక్ట్ సౌకర్యం. నమ్మకమైన బంధువును లేదా మిత్రుడిని ముందుగా జోడించి పెట్టుకుంటే, ఖాతా పోయిన రోజున మీ తెరమీద కనిపించే సంఖ్యను వారు తమ ఫోన్‌లో సరిచూసి మీరేనని చెప్పగలరు, అంతేగానీ మీ ఖాతా లోపల ఏముందో వారికి కనిపించదు. యంత్రం గుర్తుపట్టలేని మనిషిని మనిషి గుర్తుపట్టే దారి ఇన్నాళ్లకు తెరిచినందుకు ఈ సేవ మీద నా గౌరవం పెరిగింది. మామయ్య ఖాతాకు ఆయన కూతురిని, పక్కింటి అమ్మాయి ఖాతాకు వాళ్ల అన్నయ్యను జోడించమని చెప్పాను.

గూగుల్ మార్చవలసినది ఒకటుంది. ‘ఈ ఖాతా మీదేనని ధ్రువీకరించలేకపోయాము’ అని చెప్పే పేజీలోనే, పాత ఫోన్‌తో, పాత చోటు నుంచి మళ్లీ రమ్మనే సూచన పెద్ద అక్షరాలతో తెలుగులో కనిపించాలి. ఆ వివరం ఇప్పుడు వేరే సహాయ పేజీలో ఉంది. దేవరకొండ పిల్ల ఆ పేజీ దాకా వెళ్లేలోపే నకిలీ కస్టమర్ కేర్ నంబరు ఆమెకు దొరుకుతుంది.