హావ్‌లాక్‌కా, మాల్దీవులకా: స్కూబా సెలవులకు ఏది మేలు?

ఇంతవరకు ఒక్కసారి కూడా నీళ్ల కింద ఊపిరి తీసుకోనివాళ్లు, సర్టిఫికెట్ కోర్సు చేయాలనుకునేవాళ్లు అండమాన్‌లోని హావ్‌లాక్‌కు వెళ్లాలి. ఇప్పుడు దాని పేరు స్వరాజ్ ద్వీప్. ఇరవై ముప్పై డైవ్‌లు పూర్తయి, ప్రవాహంలో కంగారు పడకుండా తేలగలిగినవాళ్లకు మాల్దీవులు. చాలామంది ఈ వరసను తిరగేస్తున్నారు. హనీమూన్‌కని మాల్దీవుల రిసార్టు బుక్ చేసుకుని, అక్కడే తొలిసారి ట్యాంకు తగిలించుకుని, నాలుగు రోజులూ ఇసుక అడుగున్న లగూన్‌లోనే (దిబ్బల లోపలి ప్రశాంతమైన నీటిలోనే) గడిపి వస్తున్నారు. అంత ఖర్చుపెట్టి ఆ దేశపు అసలు సముద్రాన్ని చూడకుండా రావడం బాధ కలిగించే విషయం.

తేడా అంతా నీటి కదలికలో ఉంది. మాల్దీవులు అటాల్ దీవులు. వలయాకారంలో ఉన్న పగడపు దిబ్బలకు అక్కడక్కడా గండ్లు ఉంటాయి. వాటిని అక్కడ కందు అంటారు. ఆటుపోట్లకు సముద్రం ఈ గండ్లలోంచే లోపలికీ బయటికీ పోవాలి కాబట్టి నీరు జోరుగా లాగుతుంది. పోటు మీద బయటి సముద్రపు తేట నీరు లోపలికి వచ్చేటప్పుడు గండి మూతి దగ్గర గ్రే రీఫ్ సొరచేపలు, ఈగిల్ రేలు అనే చదునైన చేపలు గుమిగూడతాయి. చూడాల్సింది ఆ సమయంలోనే. పాటు మీద లోపలి నీరు బయటికి పోయేటప్పుడు మసక పెరుగుతుంది, గండి అంచున కిందికి లాగే ప్రవాహం కూడా రావచ్చు. ఇలాంటి చోట పడవలోంచి దూకిన వెంటనే, తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌ను ఖాళీగా ఉంచి, నేరుగా దిగిపోవాలి. పైన రెండు నిమిషాలు ఆగి చెవులు సర్దుకుందామంటే అప్పటికే గండి దాటిపోతారు. కొత్తవాళ్లకు ఇది సాధ్యం కాదు. కాళ్లు విపరీతంగా ఆడిస్తారు, ఊపిరి వేగం పెరుగుతుంది, 200 బార్ల (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) సిలిండర్ అరగంట తిరక్కుండానే 50 బార్లకు వచ్చేస్తుంది. వాళ్ల కోసం గుంపు మొత్తం పైకి రావాల్సి వస్తుంది.

హావ్‌లాక్‌లో నీమో రీఫ్‌కు ఒడ్డు నుంచి నడుచుకుంటూ దిగవచ్చు. ఇసుక వాలు నెమ్మదిగా లోతవుతుంది, పన్నెండు మీటర్లకు మించదు, ప్రవాహం దాదాపు ఉండదు. మోకాళ్ల మీద కూర్చుని మాస్కులో నీళ్లు తోసేయడం, నోట్లోంచి జారిన రెగ్యులేటర్‌ను (గాలి పీల్చే గొట్టపు మూతిని) వెతికి పెట్టుకోవడం నేర్చుకోవడానికి ఇంతకంటే అనువైన చోటు మన దేశంలో తక్కువ. కోర్సు సాగేకొద్దీ జెట్టీకి దగ్గర్లోని ది వాల్ లాంటి చోట్లకు తీసుకెళ్తారు. అది పది మీటర్ల దగ్గర మొదలై యాభై మీటర్లు దాటి దిగిపోయే రాతి గోడ. అడుగు కనిపించని చోట ఒకే లోతులో నిలకడగా ఉండటం అక్కడ వంటబడుతుంది. డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ మాత్రం ముప్పై మీటర్ల దాకా పోయే చోట్లు. వాటికి అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ కావాలి, పౌర్ణమి అమావాస్యల దగ్గర అక్కడా ప్రవాహం గట్టిగానే ఉంటుంది.

తేదీలు పెట్టుకునే ముందు పంచాంగం చూడండి. పౌర్ణమికీ అమావాస్యకూ అటూ ఇటూ రెండు మూడు రోజులు ఆటుపోట్లు పెద్దవి, నీటిలో రేణువులు లేస్తాయి, చూపు తగ్గుతుంది. అష్టమి, నవమి తిథుల దగ్గర నీరు కుదురుగా ఉంటుంది. కోర్సుకు వెళ్లేవాళ్లు ఆ రోజులు కలిసొచ్చేలా చూసుకోవాలి. హావ్‌లాక్ తూర్పు ఒడ్డున పాటు సమయంలో సముద్రం చాలా దూరం వెనక్కి పోతుంది కనుక ఒడ్డు నుంచి దిగే క్లాసుల వేళలు రోజురోజుకూ మారుతుంటాయి. పొద్దున్నే ఆరింటికి రమ్మంటే విసుక్కోకండి, ఆ వేళను నిర్ణయించేది నీరే.

చేపల విషయంలో మాల్దీవులదే పైచేయి, ఇందులో వాదన లేదు. 2010 నుంచి అక్కడ సొరచేపల వేట నిషేధం. ఆ ఫలితం నీళ్లలో కనిపిస్తుంది. దక్షిణ అరి అటాల్‌లో వేల్ షార్కులు ఏడాది పొడవునా తిరుగుతాయి. ఫువహ్ములాలో టైగర్ షార్కులు ఉంటాయి. బా అటాల్‌లోని హనిఫారు బేకు నైరుతి రుతుపవనాల నెలల్లో మాంటా రేలు గుంపులుగా వస్తాయి. కానీ హనిఫారులో స్కూబా నిషేధం, స్నార్కెల్‌తోనే (నీటి పైనే తేలుతూ గొట్టంతో ఊపిరి తీసుకుంటూ) దిగనిస్తారు. మాంటాలతో డైవ్ అని ఆశపెట్టే ప్యాకేజీ కొనేముందు ఏ చోటో అడగండి. హావ్‌లాక్‌లో సొరలు అరుదు. అక్కడ స్నాపర్ల గుంపులు, బారకూడాలు, తాబేళ్లు, ఆక్టోపస్‌లు, రంగురంగుల సముద్రపు నత్తలు దొరుకుతాయి. తొలి పది డైవ్‌లలో కళ్లు నిండటానికి అవి చాలు. పగడాలు రెండు చోట్లా దెబ్బతిన్నాయి. 1998, 2016 వేడికి మాల్దీవుల్లో లోతు తక్కువ దిబ్బలు తెల్లబారిపోయాయి, 2010లో అండమాన్‌కూ అదే గతి. పాత ఫొటోల్లోని రంగులు ఆశించి వెళ్లొద్దు.

నెలల లెక్క సులువు. అండమాన్‌కు డిసెంబరు నుంచి ఏప్రిల్ చివరి వరకు. అందులో ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ మరీ మంచివి. నవంబరులో తుఫాను భయం, జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన. మాల్దీవులకు పొడి కాలం డిసెంబరు నుంచి ఏప్రిల్. మే నుంచి అక్టోబరు వరకు వాన, గాలి ఉన్నా డైవింగ్ ఆగదు, పైగా బా అటాల్‌కు మాంటాలు వచ్చేది అప్పుడే, గదుల ధరలూ తగ్గుతాయి. రెండు చోట్లా నీరు 26 నుంచి 30 డిగ్రీలు, 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్ సరిపోతుంది.

ఖర్చు

హావ్‌లాక్‌లో తొలి సర్టిఫికెట్ ఇచ్చే ఓపెన్ వాటర్ కోర్సు ముప్పై వేల రూపాయలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, పరికరాల అద్దె సాధారణంగా అందులోనే. గది వెయ్యిన్నర రూపాయల నుంచి మొదలు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (2024 నుంచి శ్రీ విజయపురం) విమానం రెండు గంటల పైచిలుకు. అక్కడినుంచి ఫెర్రీ గంటన్నర నుంచి రెండున్నర గంటలు. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది గానీ తరచుగా ఉండదు, రెండు మూడు రోజుల ప్రయాణం. పోర్ట్ బ్లెయిర్‌లో ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక భాష ఇబ్బందీ తక్కువే.

మాల్దీవుల్లో కనిపించే ధర ఒకటి, బిల్లు ఒకటి. పర్యాటక జీఎస్టీ 2025 జూలై నుంచి 17 శాతం. రిసార్టుల్లో దానికి ముందు పది శాతం సర్వీస్ చార్జీ కలుపుతారు. వంద డాలర్ల డైవ్ అలా 129 డాలర్లకు చేరువవుతుంది. గ్రీన్ ట్యాక్స్ 2025 జనవరి నుంచి రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్లు, స్థానికులుండే దీవుల్లోని చిన్న గెస్ట్‌హౌస్‌లలో 6 డాలర్లు. ఇద్దరు ఐదు రాత్రులుంటే రిసార్టులో అదే 120 డాలర్లు. దూరపు రిసార్టుకు సీప్లేన్ అయితే మనిషికి వందల డాలర్లు అదనం, అది పగలే ఎగురుతుంది. మాలేలో సాయంత్రం దిగే విమానం తీసుకుంటే ఆ రాత్రి అక్కడే గది వెతుక్కోవాలి.

మాల్దీవులంటే రిసార్టే అనుకోవద్దు. డైవింగే ముఖ్యమైతే దిగురా, రస్దూ, ధరవందూ, ఫువహ్ములా లాంటి స్థానిక దీవుల్లో గెస్ట్‌హౌస్ తీసుకోవడం ఎంతో మేలు. మంచి డైవ్ చోట్లు దగ్గరగా ఉంటాయి, ఖర్చు రిసార్టులో సగానికి కూడా రాదు. మద్యం దొరకదు, ఈత దుస్తుల్లో తిరగడానికి వేరే బీచ్ కేటాయించి ఉంటుంది, ఊళ్లో ఒళ్లు కప్పుకుని నడవాలి. ఇవి పాటించగలిగితే చాలు. ఇద్దరిలో ఒకరు డైవ్ చేయని జంటకు మాత్రం రిసార్టే సరి. గది ముందే దిబ్బ ఉండి, ఒకరు నీటి కింద ఉండగా రెండోవాళ్లు స్నార్కెల్‌తో పైన తేలవచ్చు. హావ్‌లాక్‌లో డైవ్ చేయనివాళ్లకు రాధానగర్ బీచ్, ఎలిఫెంట్ బీచ్ అయ్యాక రెండో రోజుకే తోచుబాటు తగ్గుతుంది.

లక్షద్వీప్ సంగతేమిటని అడుగుతారు. నీరు చాలా బాగుంటుంది, మాల్దీవుల రకం అటాల్‌లే. మన వాళ్లకూ పర్మిట్ కావాలి, గదులు తక్కువ. రెండు మూడు నెలల ముందే ఏర్పాటు చేసుకోగలిగినవాళ్లకే అది.

ఏం చెడుతుంది, ఎందుకు

మొదట చెడేది చెవి. పది మీటర్ల లోతుకు ఒత్తిడి రెండింతలవుతుంది, కానీ తొలి ఐదు మీటర్లలోనే మార్పు ఎక్కువ. అర మీటరుకోసారి ముక్కు మూసి మెల్లగా ఊదాలి. నొప్పి వచ్చాక ఊదితే తెరుచుకోదు. ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. జలుబుంటే దిగొద్దు. మందు వేసుకుని దిగితే అడుగున మందు ప్రభావం తగ్గి, పైకి వచ్చేటప్పుడు సైనస్‌లో గాలి ఇరుక్కుంటుంది.

మీసం ఉన్నవాళ్లకు మాస్కులోకి నీళ్లు కారుతూనే ఉంటాయి. ముక్కు కింద అర సెంటీమీటరు వెంట్రుకలు తీసేస్తే రబ్బరు అంచు చర్మానికి అతుక్కుంటుంది. కళ్లద్దాలుంటే పవర్ ఉన్న మాస్కు ముందే అడగండి.

నడుముకు కట్టే సీసపు బరువు ఎక్కువైతే అడుగున ఈడ్చుకుంటూ పోతారు, పగడాలు విరుగుతాయి, గాలి వేగంగా అయిపోతుంది. జాకెట్‌లో గాలి మొత్తం తీసేసి, మామూలు ఊపిరి పట్టి నిలబడితే నీరు కంటి మట్టానికి ఉండాలి. ఆ పరీక్ష చేయకుండా బరువు కట్టే చోట జాగ్రత్త.

మెడికల్ ఫారం ఇంటి దగ్గరే నింపండి. ఆస్తమా, బీపీ మందులు, సైనస్ ఆపరేషన్, గర్భం లాంటి వాటికి, నలభై అయిదు దాటినవాళ్లలో పొగతాగే అలవాటు లాంటి వాటికి ఒక్క 'అవును' పడినా డాక్టర్ సంతకం కావాలి. హావ్‌లాక్‌లో ఆ సంతకం కోసం వెతికి రెండు రోజులు పోగొట్టుకున్నవాళ్లున్నారు. థియరీ కూడా ముందే ఫోన్‌లో చదివేస్తే కోర్సు నాలుగు రోజుల నుంచి మూడుకు తగ్గుతుంది. పరీక్షలో 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలాలి. ఈత రానివాళ్లు కోర్సు వదిలి, పన్నెండు మీటర్లకు మించని ట్రయల్ డైవ్ చేసుకోవచ్చు.

చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి. సీప్లేన్‌కూ చాలా డైవ్ సెంటర్లు ఇదే పట్టుబడతాయి. అండమాన్‌లో దీన్ని సులువుగా సర్దుకోవచ్చు: చివరి డైవ్ ఉదయం ముగించి, మధ్యాహ్నం ఫెర్రీ ఎక్కి, మర్నాడు సెల్యులార్ జైలు చూసి, సాయంత్రం విమానం ఎక్కవచ్చు. సముద్రం బాగాలేక ఫెర్రీ రద్దయ్యే రోజులుంటాయి కాబట్టి విమానానికి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి.

డబ్బు కట్టే ముందు రెండు చోట్లా ఇవే అడగండి. ట్రయల్ డైవ్ అయితే ఎంత లోతు, నీళ్లలో ఎన్ని నిమిషాలు, ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమంది? చౌక ప్యాకేజీలు కొన్ని మూడు నాలుగు మీటర్ల దగ్గర పావుగంట ఉంచి ఫొటో తీసి పంపేస్తాయి. పడవలో ఆక్సిజన్ సిలిండర్ ఉందా? మాల్దీవుల్లో అయితే ఇంకొకటి: ప్రతి డైవర్‌కూ నీటిపైకి వదిలే ఎర్ర గాలి గొట్టం ఇస్తారా? ప్రవాహంలో గుంపు నుంచి విడిపోయినవాళ్లను పడవవాడు కనిపెట్టేది దానితోనే.