నోరు మెదపని కోల్, ఊరుకోని నీనా: ఎవరి దారి మేలు?

నాట్ కింగ్ కోల్, నీనా సిమోన్ ఇద్దరూ అమెరికా దక్షిణాదిలో పుట్టిన నల్లజాతి గాయకులే. జాతి వివక్ష మీద పాటల్లో ఒకరు నోరు మెదపలేదు, ఒకరు ఊరుకోలేదు. ఇద్దరికీ ముందు పియానో, తర్వాతే పాట. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ అనే ఊరు ఇద్దరి కథలోనూ ఉంది.

కోల్ పాటల్లో ప్రేమ ఉంటుంది, క్రిస్మస్ ఉంటుంది, జాతి గొడవ ఉండదు. తెల్లవాళ్ల ఇళ్లలో హాయిగా మోగిన గొంతు అది. ఆ గొంతు గల మనిషి 1948లో లాస్ ఏంజెలెస్‌లోని హాన్‌కాక్ పార్క్ అనే తెల్లవాళ్ల పేటలో ఇల్లు కొంటే మాత్రం ఇరుగుపొరుగు గోల చేశారు. 1956 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్‌లో తెల్లవాళ్లకే పెట్టిన షోలో కొందరు స్టేజీ ఎక్కి ఆయన్ని కింద పడేశారు. ఇంకో పక్క, అలాంటి షోల్లో అసలు ఎందుకు పాడావంటూ నల్లజాతి పత్రికలు దులిపేశాయి. ఆ ఏడాదే ఎన్‌బీసీ టీవీలో సొంత షో మొదలైంది. దేశవ్యాప్త స్పాన్సర్ ఒక్కరూ దొరక్క 1957 డిసెంబర్‌లో ఆగిపోయింది.

నీనాది చిన్నప్పటి నుంచీ వేరే తీరు. పన్నెండేళ్లప్పుడు కచేరీలో తెల్లవాళ్ల కోసం అమ్మానాన్నల్ని ముందు వరసలోంచి లేపితే, మళ్లీ కూర్చోబెట్టేదాకా వాయించనని భీష్మించుకున్నానని ఆమే చెప్పుకుంది. క్లాసికల్ పియానిస్ట్ కావాలనుకుంటే ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత సంస్థ సీటివ్వలేదు. రంగు వల్లేనని చివరిదాకా నమ్మింది. బతుకుతెరువుకి అట్లాంటిక్ సిటీ బార్‌లో వాయిస్తే, పాడితేనే ఉద్యోగమన్నారు. అలా పాట వచ్చింది. 1963లో బర్మింగ్‌హామ్‌లో నల్లవాళ్ల చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయాక 'మిసిసిపీ గాడ్‌డ్యామ్' అనే పాట రాసింది. మాటలు కోపంతో ఊగిపోతుంటే ట్యూన్ మాత్రం సరదా నాటకం పాటలా గెంతుతుంటుంది. నన్ను కట్టిపడేసేది అదే. ఏడుపు రాగంలో కట్టి ఉంటే ఇంత గుచ్చుకునేది కాదు. దక్షిణాదిలో కొన్ని రేడియోలు దాన్ని వెయ్యలేదు. ఇలాంటి పాటలే తన కెరీర్‌ని దెబ్బతీశాయని ఆమె అనేది. తర్వాత దేశమే వదిలేసింది.

మధ్యే మార్గం లేదా అంటే ఉంది. నల్లవాళ్లకి డ్యాన్స్ ఫ్లోర్ మీద చోటు లేదని తెలిసి గాయకుడు రే చార్లెస్ 1961లో జార్జియా రాష్ట్రంలోని అగస్టా కచేరీ మానేశాడు. జరిమానా కట్టాడు, తన పాటలు తను పాడుకున్నాడు.

డబ్బు లెక్కన చూస్తే కోల్ దారే మేలు. పిరికితనమని నేననను, ఆ ఇల్లు ఖాళీ చెయ్యకుండా అక్కడే ఉన్నాడు మరి. కానీ నోరు మెదపకపోయినా దెబ్బలు తప్పలేదు కదా! అందుకే నా ఓటు నీనాకే. కోల్ ఏం దాచుకున్నాడో పాటల్లో నాకు దొరకదు, నీనా దగ్గర వెతకక్కర్లేదు.