ఎదురుగా కూర్చుని అడగాలా, డబ్బాలో కార్డు వేయించాలా?

ఎన్నికలప్పుడు కృష్ణలంకలో మా పెద్దమ్మ ఇంటి అరుగు మీద ఒక రోజు కూర్చుంటే చాలు. పొద్దున ఒక పార్టీ వాళ్లొస్తే "మా ఇంట్లో నాలుగు ఓట్లూ మీకే బాబూ" అంటుంది. సాయంత్రం అవతలి పార్టీ వాళ్లొస్తే వాళ్లకీ అదే మాట. ఆవిడకు అది అబద్ధంలా అనిపించదు. గడప దగ్గరికొచ్చి అడిగినవాడికి చెప్పే జవాబు వేరు, బూత్‌లో అట్ట చాటున నొక్కే మీట వేరు.

ఓటు సంగతే ఇలా ఉంటే, గే, బైసెక్సువల్ మనుషులు ఎంతమంది అన్న లెక్క ఇంటింటికీ తిరిగి తేల్చగలమా? ఈ మాట ఎత్తితే ఒకరు పది శాతం అంటారు, ఇంకొకరు "మన వైపు అలాంటివాళ్లు లేరండీ" అంటారు. లెక్కపెట్టే పద్ధతుల్లో ఏది మేలో చూద్దాం. నేను గుంటూరులో కొన్నాళ్లు ఇంటింటి సర్వే పని చేశాను. ఆ పని మీద నాకు నమ్మకం తక్కువ, ముందే చెబుతున్నా.

ఆ పది శాతం పుట్టింది అమెరికాలో, 1948లో. ఆల్‌ఫ్రెడ్ కిన్సీ అనే పరిశోధకుడు వేల మంది మగవాళ్లను మాట్లాడించి రాసిన పుస్తకంలోది. అందులో పదే కాదు, ఇంకో రెండు అంకెలున్నాయి. 16 నుంచి 55 ఏళ్ల మధ్య కనీసం మూడేళ్లపాటు దాదాపుగా మగవాళ్లతోనే గడిపినవాళ్లు 10 శాతం. జీవితమంతా అలాగే ఉన్నవాళ్లు 4 శాతం. ఒక్కసారైనా అనుభవం ఉన్నవాళ్లు 37 శాతం. పైగా ఆయన మనుషుల్ని లాటరీ తీసినట్టు ఎంచుకోలేదు. జైళ్లలో ఉన్నవాళ్లు, తమంతట తాము ముందుకొచ్చినవాళ్లు అందులో చాలామంది. మధ్యలో ఉన్న 10 మాత్రం నోళ్లలో నానింది.

కాబట్టి ఎలా కొలవాలో కన్నా ముందు ఏం కొలవాలో తేలాలి. తనను తాను ఏమనుకుంటాడన్నది ఒకటి, ఎవరితో గడిపాడన్నది ఒకటి, మనసు ఎటు లాగుతుందన్నది ఇంకొకటి. విజయవాడ బస్టాండు దగ్గర మగవాళ్లను కలుసుకునే మనిషికి తెనాలిలో భార్యా పిల్లలు ఉండొచ్చు. "మీరు గేనా" అంటే కాదంటాడు, అతని దృష్టిలో అది నిజమే. ఆ లోకంలో తిరిగేవాళ్లు కోతీ (ఆడతీరుగా ఉండే మగవాడు), పంతీ (అతనితో మగతీరుగా ఉండేవాడు), డబుల్ డెక్కర్ (రెండు విధాలా ఉండేవాడు) అంటారు. గే అన్నది ఇంగ్లీషు చదువుతో, ఫోన్‌తో వచ్చిన మాట. ఇక "స్వలింగ సంపర్కులు" అన్న పేపరు మాటను పైకి చదవాలంటే సర్వేకి వెళ్లినవాడికే నోరు తిరగదు.

సరే, ఎదురుగా కూర్చుని అడగడం. బ్రాడీపేటలో ఒక ఇంట్లో ఇరవై నాలుగేళ్ల కుర్రాణ్ణి నేను అడిగింది సిగరెట్ గురించే. ఆ ప్రశ్న రాగానే వంటింట్లో మిక్సీ ఆగింది. మంచం మీద నాయనమ్మ ఇటు తిరిగింది. "లేదండీ" అన్నాడు. పావుగంట తర్వాత సందు చివర కిళ్లీ కొట్టు దగ్గర వెలిగించుకుంటూ కనబడ్డాడు, నన్ను చూసి నవ్వాడు కూడా. మన ఇళ్లలో మనిషి ఒంటరిగా జవాబు చెప్పే గది ఎక్కడుంది? పైగా 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్‌ను సడలించేదాకా, మధ్యలో 2009-13 తప్పిస్తే, మగవాళ్లతో గడిపావా అన్న ప్రశ్నకు "అవును" అంటే నేరం ఒప్పుకున్నట్టే.

మన జనాభా లెక్కల్లో ఈ ప్రశ్నే ఎప్పుడూ లేదు. 2011లో ఆడ, మగ కాకుండా "ఇతరులు" అని రాసుకున్న 4.88 లక్షల మంది లెక్కను దీనికి అంటగడుతుంటారు. అది తాను ఆడా మగా అన్న సంగతి, ఎవరి మీద మనసన్నది కాదు. ఇంగ్లండ్, వేల్స్ 2021 జనాభా లెక్కల్లో పదహారేళ్లు దాటినవాళ్లను ఇది అడిగాయి, ఇష్టమైతేనే చెప్పమన్నాయి. గే, లెస్బియన్, బైసెక్సువల్, ఆ కోవలో ఇంకేదైనా అని చెప్పినవాళ్లు 3.2 శాతం. ఖాళీ వదిలేసినవాళ్లు 7.5 శాతం. చెప్పినవాళ్లకన్నా చెప్పనివాళ్లు రెట్టింపు పైనే ఉంటే ఆ 3.2ని పట్టుకుని ఏం చేస్తాం? అమెరికాలో గాలప్ సర్వే లెక్కలో తాము ఎల్‌జీబీటీ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్) అని చెప్పుకున్నవాళ్లు 2012లో 3.5 శాతం, 2024లో 9.3 శాతం. పన్నెండేళ్లలో మనుషులే అంతగా మారిపోయారంటే నేను నమ్మను. చెప్పే ధైర్యం పెరిగింది, చెప్పే వయసువాళ్లు కొత్తగా వచ్చి చేరారు.

రెండో దారి, వాళ్లు కలుసుకునే చోట్లకు వెళ్లి లెక్కపెట్టడం. పార్కులు, ఘాట్‌లు, స్టేషన్ల దగ్గర. ఎయిడ్స్ నియంత్రణ పని ఇలాగే నడుస్తుంది. 2012లో కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పిన 25 లక్షల అంకె ఆ లెక్కల నుంచి వచ్చిందే. ఎన్ని కండోమ్‌లు పంపాలి, పరీక్షలు ఎక్కడ పెట్టాలి అన్నదానికి ఇంతకు మించిన పద్ధతి లేదు. దేశంలో ఎంతమంది అన్నదానికి మాత్రం పనికిరాదు. ఆ చోట్లకు రానివాడు అందులో లేడు. ఆడవాళ్లయితే అసలే లేరు.

మూడోది తెలివైన పద్ధతి. కొందరికి నాలుగు వాక్యాలిస్తారు: ఈ వారం పెసరట్టు తిన్నాను, నాకు బైక్ ఉంది, ఈ ఏడాది దుర్గమ్మ గుడికి వెళ్లాను, నేను విమానం నడిపాను. మిగతావాళ్లకు ఇవే నాలుగూ, వాటితో పాటు అసలు వాక్యం. ఏవి నిజమో చెప్పక్కర్లేదు, ఎన్ని నిజమో చెబితే చాలు. రెండు గుంపుల సగటుల తేడాయే మనకు కావలసిన శాతం. (విమానం వాక్యం ఎందుకంటే, నాలుగూ నిజమైనవాడు "అయిదు" అంటే దొరికిపోతాడు. మిగతా మూడూ నిజమైనవాళ్లు విజయవాడలో బోలెడు.) అమెరికాలో ఆన్‌లైన్‌లో చేసి 2013లో ఫలితాలు బయటపెట్టిన ప్రయోగంలో తాము హెటెరోసెక్సువల్ (అంటే ఆడ-మగ ఆకర్షణ మాత్రమే ఉన్నవాళ్లు) కాదన్నవాళ్లు నేరుగా అడిగితే 11 శాతం, ఇలా అడిగితే 19. దేశానికంతటికీ అద్దం పట్టే గుంపు కాదది, అంకెల్ని వదిలేసి తేడాను చూడండి.

ఇంత బాగున్నా దీన్ని నేను ఎంచుకోను. వెయ్యి మందిని రెండుగా చీల్చి చేశామనుకుందాం, నిజం లెక్క 6 శాతం అనుకుందాం. పెసరట్లూ బైకులూ తెచ్చిపెట్టే తేడాల వల్ల వచ్చే జవాబు పది పన్నెండు శాతం అటూ ఇటూ ఊగుతుంది. సున్నా కన్నా తక్కువ కూడా రావచ్చు! రెండు మూడు శాతం లోపు తేల్చాలంటే ఇరవై వేల మంది కావాలి. అంత డబ్బు ఎవరిస్తారు?

మిగిలింది డబ్బా. కర్ణాటకలో ఎయిడ్స్ పని చేసినవాళ్లు వాడిన పద్ధతి, పోలింగ్ బూత్ సర్వే అంటారు. పది పన్నెండు మందిని కూర్చోబెడతారు, ఒక్కొక్కరి చుట్టూ అట్ట. ప్రశ్న పైకి చదువుతారు. ఆ నంబరు కార్డును అవునంటే ఒక డబ్బాలో, కాదంటే ఇంకో డబ్బాలో వేయాలి. పేరు లేదు, చేతిరాత లేదు. చదువు రానివాళ్లకూ నడుస్తుంది. ఎదురుగా అడిగితే బయటికి రాని సంగతులు ఇందులో ఎక్కువగా వచ్చాయి. అమెరికాలో 1998లో అచ్చయిన అధ్యయనంలోనూ ఇలాంటిదే కనబడింది: 15 నుంచి 19 ఏళ్ల కుర్రాళ్లలో మగవాళ్లతో అనుభవం ఉందని కాగితం మీద ఒప్పుకున్నది 1.5 శాతం, హెడ్‌ఫోన్లలో ప్రశ్న విని కంప్యూటర్‌కి చెప్పింది 5.5 శాతం. డబ్బాలో ఇంకో సుఖం, జవాబు నేరుగా వస్తుంది కాబట్టి వెయ్యి మంది చాలు, ఒకటిన్నర రెండు శాతం అటూ ఇటూగా తేలుతుంది.

లోటు ఉంది. కార్డులన్నీ కలిసిపోతాయి కాబట్టి ఎవరు పెళ్లయినవారో, ఎవరు ఆడవాళ్లతోనూ మగవాళ్లతోనూ ఉంటారో జత కలపలేం. మన దగ్గర పెళ్లి తప్పించుకున్నవాళ్లు ఎంతమంది గనక? అందుకని పెళ్లయినవాళ్లను వేరే గుంపుగా కూర్చోబెట్టాలి, ఆడవాళ్లతోనూ మగవాళ్లతోనూ ఉన్నారా అని రెండూ కలిపి ఒకే ప్రశ్నగా అడగాలి. మగవాళ్లకు, ఆడవాళ్లకు విడిగా. "గే" అన్న మాట లేకుండా, ఏం జరిగిందో అది మాత్రం అడగాలి. మనసులోని ఆకర్షణకు ఇంకో కార్డు. ఏ కార్డూ వేయకుండా దాచుకునేవాళ్లు అప్పటికీ ఉంటారు, కానీ ఎన్ని కార్డులు తగ్గాయో లెక్క తెలుస్తుంది.

మొన్న ఈ డబ్బాల సంగతి పెద్దమ్మకు చెప్పాను, దేని గురించో కూడా చెప్పాను. కాసేపు ఆలోచించి, "ఆ అట్ట ఎంత ఎత్తుంటుందిరా?" అని అడిగింది.