గుంటల్లో నిలిచే పావులు: చాలాకాలం ఆడాక నా సమీక్ష

ఈ సెట్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది బోర్డుకున్న గుంటలు. ఇది చూపులేనివాళ్లూ చేత్తో తడిమి ఆడేలా చేసిన ఫాంటసీ బోర్డు ఆట. కథ, మాయలు, రాక్షసులు, నిధులు ఇలాంటి ఫాంటసీ ఆటలన్నిట్లో ఉండేవే కాబట్టి వాటి జోలికి పోను. ఇందులో ప్రతి గడి మధ్యలో ఒక చిన్న గుంట ఉంటుంది, ప్రతి పావు అడుగున అందులో దిగే మేకు ఉంటుంది. గడికీ గడికీ మధ్య సన్నని గీత వేలికి తగులుతుంది. గోడలు ఎత్తుగా లేచి ఉంటాయి, తలుపు ఉన్నచోట గోడ తెగుతుంది.

నాకు పుట్టుకతోనే చూపు లేదు. మామూలు బోర్డు మీద చెయ్యి వేస్తే పావులు జరుగుతాయి, లేదా పడిపోతాయి. అందుకని చేతులు ఒళ్లో పెట్టుకుని పక్కవాళ్లను అడగడం అలవాటైపోతుంది. "విలుకాడు ఎక్కడున్నాడు? నాకూ వాడికీ మధ్య ఏమైనా అడ్డం ఉందా?" మావాళ్లు విసుక్కోరు, ఓపిగ్గా చెబుతారు. కానీ అడిగిన ప్రతి ప్రశ్నా నేను వేయబోయే ఎత్తును ముందే బయటపెట్టేస్తుంది. చూపున్నవాళ్లు బోర్డు మొత్తం ఎన్నిసార్లు చూసుకున్నా ఎవరూ పట్టించుకోరు. నేను "ఆ స్తంభం వెనక ఖాళీ ఉందా?" అంటే చాలు, అటే వెళ్తానని, కథ నడుపుతూ శత్రువుల తరఫున ఆడే గేమ్ మాస్టర్‌కి తెలిసిపోతుంది. మనిషి ఎంత మంచివాడైనా, తెలిసినదాన్ని తెలియనట్టు ఆడటం కష్టం. చూపులేనివాళ్ల కోసం ఆటలు తయారుచేసేవాళ్లు చాలామంది సమాచారం అందితే చాలనుకుంటారు. అది ఎవరినీ అడగకుండా అందాలన్నది నా పట్టుదల.

ఒకరోజు ఆట చెబుతాను. నాది దొంగ పాత్ర. కొండ కింద ఖజానా, దాని వాకిట్లో ఒక భూతం, మెట్ల మీద ఇద్దరు విలుకాళ్లు. అక్క, ఇంకో ఇద్దరు మిత్రులు వాకిలి మీదికి ఎలా దూకాలా అని వాదించుకుంటున్నారు. నేను ఆ సమయమంతా బోర్డును తడుముతూ కూర్చున్నాను. తడిమే చెయ్యి కూడా అందరికీ కనిపిస్తుంది కదా అనొచ్చు. అందుకే ఏ ఒక్కచోటా ఆగను, ప్రతిసారీ ఈ చివర నుంచి ఆ చివరి దాకా వెళ్తాను. అలా వెళ్తుంటే ఎడమ గోడ పక్కన గడి విడిచి గడిలో మూడు స్తంభాలు తగిలాయి. ఒక వేలు విలుకాడి మీద ఉంచి, రెండో చేత్తో అక్కణ్ణుంచి గోడ దాకా గీత గీసినట్టు జరిపాను. స్తంభం అడ్డం వచ్చింది. రెండో విలుకాడి నుంచి జరిపినా అంతే. గోడ చివర చిన్న తెగు కూడా ఉంది, అంటే పక్క తలుపు. ఆట మొదట్లో అందరూ దాన్ని చూశారు, తర్వాత గొడవలో పడి మరిచిపోయారు.

నా వంతు వచ్చాక ఒక్క మాటా అడగలేదు. స్తంభాల వెనకగా దొంగను నడిపించి, ఏ గడిలో ఆపానో పైకి చెప్పాను. గేమ్ మాస్టర్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. అతను వాకిలి దగ్గర పోరుకే సిద్ధమై వచ్చాడు. "ఇదంతా ఎప్పుడు ఆలోచించావురా?" అంది అక్క. ఏళ్లుగా ఇలాంటి ఆటలు ఆడుతున్నాను. అతను ఊహించని పని నేను చేయడం అదే మొదటిసారి. ఆ రాత్రి సంతోషంతో చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆ ఊపులో, అడిగినవాళ్లందరికీ ఈ బోర్డుకు ఏ లోటూ లేదని చెప్పేశాను. ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను. శత్రువుల తలల మీద ఒక బొడిపె ఉంటుంది. చూపులేనివాళ్ల చదరంగంలో ఒక రంగు పావులకు గుర్తు పెట్టే పద్ధతే ఇది. కాకపోతే చదరంగంలో పావులు ఆరు రకాలే. ఇక్కడ తోడేళ్లు, గోబ్లిన్లు, ఎముకల సైనికులు ఒకేసారి దిగితే ఎవరు ఎవరో తేల్చుకోవడానికి ఒక్కో పావునూ నిమరాలి. అంతసేపూ మిగతావాళ్లు బోర్డు మీద చెయ్యి పెట్టకుండా ఆగాలి. చదరంగం పోటీల్లో చూపులేని ఆటగాడు తన గుంటల బోర్డు వేరుగా పెట్టుకోవచ్చు. ఎత్తును పైకి చెప్పి, ఎవరి బోర్డు మీద వాళ్లు వేసుకుంటారు. ఈ సెట్‌లో అలాంటి రెండో బోర్డు ఇవ్వలేదు, ఇచ్చి ఉండాల్సింది.

వాడగా వాడగా కొన్ని గుంటలు వదులయ్యాయి కూడా. బోర్డులో ప్రతి కథా మొదలయ్యే పలక మీద ఇది ఎక్కువ. అక్కడ పావు నిలుస్తుంది గానీ ఒరుగుతుంది. మేకులకు పలచగా టేపు చుట్టి నెట్టుకొస్తున్నాం.

పాచికల విషయంలో మాత్రం తయారుచేసినవాళ్లను మెచ్చుకోవాలి. బ్రెయిలీలో అంకెల ముందు, ఇవి అంకెలని చెప్పే గుర్తు ఒకటి ఉండాలి. అంటే 17 రాయాలంటే మూడు సెల్స్ (ఒక్కో గుర్తు పట్టే చుక్కల గడి) కావాలి. ఒక సెల్‌లో చుక్కల మధ్య దూరం సుమారు 2.5 మిల్లీమీటర్లు. ఇరవై ముఖాల పాచిక మీద, ఆ చిన్న ముక్కోణంలో అంత చోటెక్కడిది? అందుకని గుర్తు తీసేశారు. తీసేస్తే ఏది పైవైపో తెలియదు. 4, 6, 8, 0 నాలుగూ మూడు చుక్కల మూలలే, పాచిక తిరిగితే ఒకటి ఇంకొకటిగా తగులుతుంది. 2కీ 3కీ మధ్య, 5కీ 9కీ మధ్య కూడా ఇదే చిక్కు. వీళ్లు ప్రతి అంకె కింద ఒక గీత వేశారు. గీత మన వైపు ఉండేలా తిప్పుకుంటే ఇక అనుమానం ఉండదు. బ్రెయిలీ చదివేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చేశారని ఆ గీతను బట్టే తెలుస్తుంది.

కార్డులు నాకంతగా నచ్చలేదు. వాటి మీద బ్రెయిలీలో పేరు ఒక్కటే ఉంది. మిగతాదంతా ఫోన్‌లో, తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వినాలి. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే బల్ల దగ్గర జరిగే మాటల్లో సగం పోతాయి.

కొనమంటారా అంటే, నా సంగతి వేరు. చిన్నప్పటి నుంచి బ్రెయిలీ చదువుతున్నాను, నా వంతులో కొంచెం ఆలస్యమైనా ఆగే మనుషులు దొరికారు. ఈమధ్యే చూపు పోయిన ఒక మిత్రుడు మాతో ఆడాడు. బోర్డు అతనికి త్వరగానే పట్టుబడింది, పాచిక మాత్రం ప్రతిసారీ మేమే చదివి చెప్పాం. బ్రెయిలీ రానివాళ్లు మాట్లాడే పాచిక యాప్ ఒకటి చూసుకోవడం మంచిది. తొందరగా ఆడేసి లేచిపోయే జట్టుకు దీన్ని సిఫారసు చేయలేను. కొనేముందు వీలైతే ఎవరి దగ్గరైనా తీసుకుని, శత్రువులందరినీ ఒకేసారి బోర్డు మీద పెట్టి తడిమి చూడండి. ఒక్క పావుతో చూస్తే నాకులాగే మీకూ లోటేమీ కనిపించదు.