దొంగ విగ్రహం యూరప్ చేరితే: యునెస్కో ఒప్పందమా, ఈయూ నిబంధనా?

గుడి నుంచో తవ్వకాల చోటు నుంచో ఎత్తుకెళ్లిన శిల్పాలు యూరప్ మార్కెట్లో అమ్ముడుపోకుండా అడ్డుకునేవి ముఖ్యంగా రెండు: 1970 నాటి యునెస్కో ఒప్పందం, 2019లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన దిగుమతి నిబంధన.

ఒప్పందం పరిధి పెద్దది. భారత్ 1977లోనే చేరింది. ఫ్రాన్స్ 1997లో, జర్మనీ 2007లో గానీ చేరలేదు. కానీ బరువంతా సొత్తు పోగొట్టుకున్న దేశం మీదే. మ్యూజియం లేదా గుడి జాబితాలో ఆ వస్తువు నమోదై ఉండాలి, దౌత్య మార్గంలో అడగాలి, తెలియక కొన్నవారికి పరిహారమూ ఇవ్వాలి. ఒక్క ఫొటో కూడా లేని పల్లెటూరి గుడి విగ్రహం పోతే ఏం చూపించి అడుగుతాం? నా దృష్టిలో ఇది చాలా పెద్ద లోటు.

ఈయూ నిబంధన ఆ బరువును దిగుమతిదారు నెత్తిన పెట్టింది. 250 ఏళ్లు దాటిన పురావస్తువుకు, కట్టడం నుంచి విడదీసిన ముక్కకు ధర ఎంతైనా లైసెన్సు తప్పనిసరి. పుట్టిన దేశం నుంచి చట్టప్రకారమే బయటికొచ్చిందని కాగితాలు చూపాలి. 2025 జూన్ 28 నుంచి ఇది పూర్తిగా అమల్లో ఉంది. 200 ఏళ్లు దాటి 18,000 యూరోలు, ఆపైన విలువ చేసే మరికొన్ని రకాలకు మాత్రం సంతకం చేసిన డిక్లరేషన్ చాలు.

కొత్త దొంగతనాలను ఆపడానికి నా ఓటు ఈయూ నిబంధనకే. అయితే అది సరిహద్దు దగ్గరే పనిచేస్తుంది. ఇప్పటికే లోపలికి చేరినదాన్ని వెనక్కి రప్పించాలంటే, వర్తించినంత మేరకు ఒప్పందాన్నే పట్టుకోవాలి.