ఎన్‌హెచ్‌ఎల్ తొలి ఒప్పందం: వెంటనే సంతకమా, కళాశాలలో కొనసాగడమా, ఏది మేలు?

ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా యువ ఆటగాళ్లను ఎంచుకునే ప్రక్రియలో, ఎంపికైన పద్దెనిమిదేళ్ల కుర్రాడు వెంటనే తొలి ఒప్పందంపై సంతకం చేయవచ్చు, లేదా అమెరికా కళాశాల జట్టులో ఆడుతూ ఆ సంతకాన్ని వాయిదా వేయవచ్చు. పైకి ఇది డబ్బుకూ చదువుకూ మధ్య పోటీలా కనిపిస్తుంది గాని, నిజానికి జీతం దగ్గర బేరానికి చోటు తక్కువ. 2024, 2025 డ్రాఫ్టుల్లో ఎంపికైనవారికి, మొదటి స్థానం దక్కినా సరే, ప్రదర్శన బోనస్‌లు కాక ఏడాదికి 9,75,000 డాలర్లే గరిష్ఠం. 18–21 ఏళ్ల మధ్య సంతకం చేస్తే మూడేళ్లు, 22–23 ఏళ్లకైతే రెండేళ్లు ఈ పరిమితికి లోబడి ఆడాలి. కనుక అసలు బేరమంతా ఆ గడువు ఎప్పుడు మొదలవుతుందన్న దానిపైనే.

మాక్లిన్ సెలెబ్రీనీ వంటివారికి వెంటనే సంతకం చేయడమే లాభం. బోస్టన్ యూనివర్సిటీలో ఒక్క సీజన్ ఆడి, 2024లో తొలి ఎంపికగా సాన్ హోసేలో చేరిన అతనికి మూడేళ్లూ నిండేసరికి వయసు ఇరవై ఒకటే. అసలైన బేరం అప్పుడే మొదలవుతుంది.

ఇంకా పక్వానికి రాని ఆటగాడి లెక్క వేరు. పద్దెనిమిది, పందొమ్మిదేళ్లవాడు సీజన్‌లో పది ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు ఆడకపోతే ఒప్పందపు గడువు ఒక ఏడాది ఆలస్యంగా మొదలవుతుంది. 2022లో నాలుగో ఎంపికైన షేన్ రైట్‌ను సియాటిల్ జట్టు ఆ సీజన్‌లో ఎనిమిది మ్యాచ్‌లు ఆడించి జూనియర్ లీగ్‌కు తిప్పి పంపింది. సంతకపు బోనస్ దక్కినా, గడువు మాత్రం ఇసుమంతైనా తరగలేదు. ఈ నిబంధన జట్టుకే ఎక్కువ అనుకూలమని నా అభిప్రాయం.

కళాశాలలో ఉన్నవాడికి ఈ చిక్కు లేదు, పైగా తాను ఎప్పుడు రావాలో తానే తేల్చుకోగలడు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి ఆడిన కేల్ మకార్ 2019 ఏప్రిల్‌లో కళాశాల ఫైనల్ ముగిసిన రెండు రోజుల్లోనే కొలరాడో తరఫున ప్లేఆఫ్స్‌లో దిగి గోల్ కొట్టాడు. అప్పటికి ఇరవై ఏళ్లు నిండినందున, ముగింపుకొచ్చిన ఆ సీజనే అతని మూడేళ్లలో మొదటిదిగా లెక్కకొచ్చింది. 2021లో అతను ఏడాదికి సగటున 90 లక్షల డాలర్ల చొప్పున ఆరేళ్ల ఒప్పందం అందుకున్నాడు. ఇక హార్వర్డ్ ఆటగాడు జిమ్మీ వీసీ నాలుగేళ్లూ ఆగి, తనను ఎంచుకున్న నాష్‌విల్‌ను కాదని 2016 ఆగస్టులో న్యూయార్క్ రేంజర్స్‌లో చేరాడు. అతనికీ తొలి ఒప్పందపు పరిమితి తప్పలేదు. జట్టును ఎంచుకునే స్వేచ్ఛ మాత్రం దక్కింది.

2025 ఆగస్టు నుంచి కెనడా జూనియర్ లీగుల్లో ఆడినవారికీ కళాశాల హాకీలో ప్రవేశం లభిస్తున్నందున, ఆగే దారి మునుపటికన్నా బలపడింది. సీజన్ పొడవునా ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడగలనన్న భరోసా ఉంటే సంతకం చేయాలి, లేకుంటే ఆగడమే మేలు. అయితే చివరి రౌండ్లలో ఎంపికైనవాడికి ఈ సలహా వర్తించదు: గాయమైనా, ఫామ్ తప్పినా ఆ అవకాశం మళ్లీ రాకపోవచ్చు గనుక, జట్టు ఒప్పందం ఇస్తానన్నప్పుడే అతను తీసుకోవాలి.